‘సెట్’కు రెండో మూలం

ఆ ఉదయం నిఘంటు కార్యాలయానికి హాజరైనవారు, వచ్చిన వరుసలో: తాళంచెవులు గల అటెండరు, చీటీల మాస్టారు, ఉపసంపాదకురాలు, అందరి తరువాత ప్రధాన సంపాదకులు. ఇరవై ఆరేళ్లుగా చీటీల మాస్టారిది రెండో స్థానమే. తాళంచెవి తన దగ్గర లేని మనిషి ఎంత పెందలాడే వచ్చినా మొదటివాడు కాలేడన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. తెలిసి కూడా, అటెండరు తాళం తీస్తున్నంతసేపూ వరండాలో నిలబడి, అతని వీపు వంక కొంచెం కినుకగానే చూసేవారు.

“ఇవాళ కూడా నేనే ఫస్టు మాస్టారూ” అన్నాడు అటెండరు, రోజూ అనే మాటే.

“తాళంకప్ప కూడా నీకంటే ముందే ఉందిరా ఇక్కడ. దానికేం గర్వం లేదు చూడు” అన్నారు మాస్టారు. లోపలికి నడిచి, మెత్తటి గుడ్డ తీసుకుని, పెట్టెల మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టారు.

హాలు పొడవైనది. నేల నుంచి పైకప్పు దాకా చెక్క పెట్టెలు. ఒక్కొక్క పెట్టెలో అరచేయి వెడల్పు చీటీలు, అక్షరక్రమంలో, నిలువుగా. ఒక ఇంగ్లీషు మాట ఏ పుస్తకంలో, ఏ వాక్యంలో, ఏ అర్థంలో వచ్చిందో చూసి, ఆ వాక్యాన్ని పొల్లు పోకుండా చీటీకి ఎక్కించి, కుడి మూలన సంఖ్య వేసి, తగిన పెట్టెలో చేర్చడం మాస్టారి పని. ఆ చీటీలను పరిశీలించి, అర్థాలు విడదీసి, నిర్వచనాలు రాయడం సంపాదకుల పని. పట్టా లేనివారి చేతికి నిర్వచనం ఇవ్వరాదని కార్యాలయ నియమం. మాస్టారి చదువు పట్టాకు ఒక్క ఏడాది ఇవతల ఆగిపోయింది.

మనిషి పొట్టి, మెడ సన్నం, చొక్కా గుండీలు కంఠం దాకా పెట్టుకుంటారు. చీటీల అంచులు తిప్పి తిప్పి కుడి బొటనవేలి గీతలు అరిగిపోయి, వేలు గాజుపెంకులా నున్నబడింది. జేబులో రెండు కలాలు: పుస్తకంలో దొరికిన వాక్యానికి నీలం, మనుషుల నోట విన్నదానికి ఎరుపు.

ఆయనకు ఎవరి మీదా పగ ఉండేది కాదు. అసూయ మాత్రం ఉండేది. అదీ గోరంతలు గోరంతలుగా, ఊరంతటి మీదా. ఎదురింటి వాకిట్లోకి ఎండ ముందుగా వస్తుందని, తోడల్లుడికి జుట్టు రాలలేదని, బస్సులో కిటికీ పక్కన మరెవరో కూర్చున్నారని. “మీ కడుపులో పొయ్యికి కట్టెలక్కర్లేదండీ. పక్కింటి పొగ కనబడితే చాలు” అనేది భార్య. ఆ మాట చక్కగా అన్నదని ఆమె మీద కూడా కొంచెం అసూయ పడేవారు.

ఈ గోరంతలన్నీ కలిసి కొండంత అయింది ఒక్క మాట విషయంలోనే. ఆ మాట ‘సెట్’.

ఇంగ్లీషు రాదని ప్రమాణం చేసేవాళ్లు కూడా రోజుకు నాలుగుసార్లయినా వాడే మాట అది. గిన్నెల సెట్టు, పళ్ల సెట్టు, సినిమా సెట్టు, సెట్టయిన సంబంధం, సెట్టుకాని స్నేహం. పందొమ్మిదేళ్లుగా మాస్టారు దాని వెంట పడ్డారు. తాపీమేస్త్రీ పక్కన ఎండలో నిలబడి, సిమెంటు ‘సెట్టవడానికి’ ఎంతసేపు పడుతుందో అతని నోటితోనే చెప్పించి రాసుకున్నారు. ఉంగరంలో రాయి పొదిగే పనివాణ్ణి అడిగారు. రంపం పళ్లను ఒకటి ఎడమకూ ఒకటి కుడికీ వంచడాన్ని కూడా అదే మాటతో చెబుతారని వడ్రంగి దగ్గర విని, ఆ రోజంతా నిధి దొరికినవాడిలా తిరిగారు. ఎముకలు కట్టే వైద్యుడి దగ్గరికి విరగని చేయి చాచుకుని వెళ్లి, తిట్లు తిని, చీటీ మాత్రం సంపాదించుకు వచ్చారు.

“ఆ మాట నాకు సవతి అయి కూర్చుంది” అనేది భార్య. “సవతినైతే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. దీనికి జుట్టు కూడా లేదాయె.”

తొమ్మిది నెలల కిందట ప్రధాన సంపాదకులు ఆ మాటను ఉపసంపాదకురాలికి అప్పగించారు. ఆమె ఎనిమిదేళ్ల కిందట చేరిన మనిషి. చీటీ రాయడం కూడా రాని ఆ పిల్లకు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది మాస్టారే. ఏకు మేకైందని పైకి అనడానికి కూడా వీలులేని విధంగా, ఆమె నేటికీ ఆయన వస్తే లేచి నిలబడుతుంది.

“మాస్టారూ, ‘సెట్’ పెట్టెలు ఆ అమ్మాయి బల్ల మీదికి చేర్పించండి” అన్నారు ప్రధాన సంపాదకులు, ఫైలులోంచి తల ఎత్తకుండానే.

ఏడు పెట్టెలు. అటెండరు సాయం వస్తానంటే వద్దన్నారు. తన ఇంట్లో కాపురం పెట్టబోయే పరాయివారికి తనే గిన్నెలు మోసి ఇచ్చేవాడిలా ఒక్కొక్కటే మోసుకెళ్లారు. ఏడో పెట్టె ఎత్తబోయి ఆగారు. అందులోంచి ముప్పై ఆరు చీటీల కట్టను తీసి, తన బల్ల కింది సొరుగులో, పాత ఫైళ్ల అడుగున పెట్టారు. అంతకు ముందు ఆయన జన్మలో ఒక్క చీటీ దాచి ఎరగరు.

ఆ కట్టలో ఉన్నది ‘సెట్’కు రెండో మూలం. కుదర్చడం, అస్తమించడం, గట్టిపడటం, ఇవన్నీ ‘కూర్చోబెట్టు’ అనే ప్రాచీన క్రియ నుంచి పుట్టినవి. ‘జట్టు, సముదాయం’ అనే అర్థం కూడా ఆ కడుపునే పుట్టిందని చూసినవారెవరైనా అనుకుంటారు. పుట్టలేదు. అది లాటిన్‌లో ‘వెంట నడిచేవారు’ అనే మాటగా ఉండి, ఫ్రెంచి మీదుగా వచ్చి, ఇంగ్లీషులో ఈ క్రియ పక్కన చేరింది. ఒకే రూపం, ఒకే గొంతు; చూసినవాళ్లు తోబుట్టువులనుకున్నారు. ఆ రెండూ వేరని నిరూపించేవి ఈ ముప్పై ఆరు చీటీలే. అవి లేకుండా రాస్తే ఉపసంపాదకురాలు రెండింటినీ ఒకే మూలానికి ముడివేస్తుంది. తప్పు ఆమె పేరు కింద అచ్చవుతుంది. ఏ పండితుడో ఎత్తిచూపుతాడు. అప్పుడు సొరుగు లాగి ‘ఇదుగో’ అనాలి. గడ్డం గీసుకుంటూ అద్దంలో ఆ మాటను మాస్టారు చాలాసార్లు అని చూసుకున్నారు.

ఆ రోజు నాలుగింటికి ప్రెస్సు మనిషి వచ్చి ‘సెట్’ పుటలు పట్టుకుపోతాడు. ఆ తరువాత దిద్దడం ఎవరి తరమూ కాదు. అందుకే ఉదయం నుంచీ కాలు సొరుగుకు తగిలినప్పుడల్లా మాస్టారు ఉలిక్కిపడుతున్నారు. తప్పు అచ్చయ్యేది ఆమె పేరు కిందనే, నిజమే. కాని తప్పయ్యేది ఆ మాట. పందొమ్మిదేళ్లు ఒళ్లో పెట్టుకుని పెంచిన మాట.

మధ్యాహ్నం ఆయన డబ్బా మూత తీయకుండా కూర్చోవడం చూసి ఉపసంపాదకురాలు దగ్గరికి వచ్చింది.

“తినలేదేం మాస్టారూ? ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉంది. అద్దాలు మార్చావేమిటి?”

“నంబరు పెరిగింది. లైబ్రరీలో లైట్ల సంగతి మీకు తెలియంది కాదుగా.”

“చీటీలన్నీ ఇక్కడుంటే నీకు లైబ్రరీతో ఏం పని?”

“ఉంది లెండి” అని నవ్వి వెళ్లిపోయింది.

మంచినీళ్లు తెచ్చిన అటెండరు అందుకున్నాడు. “అక్కడి వాచ్‌మన్ మా బావమరిదేనండి. నాలుగు నెలల్నుంచి మేడమ్ రోజూ తలుపులు మూసేదాకా అక్కడేనంట. ‘మీ మేడమ్‌కి ఇల్లూవాకిలీ లేవా?’ అని నన్నడుగుతున్నాడు.”

రెండింటికి పుటలు మాస్టారి బల్ల మీదికి వచ్చాయి. చివరిసారిగా సంఖ్యలు సరిచూడటం ఆయన వంతు. పద్నాలుగు పుటలు. వేలు పెట్టి చదువుకుంటూ పోయారు. మేస్త్రీ ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, తిట్టిన వైద్యుడూ ఉన్నాడు. అర్థం వెనుక అర్థం, నూట డెబ్బైమూడు, ఎక్కడా బిగువు తప్పకుండా నడిచాయి. తాను రాసి ఉంటే ఇంతకంటే బాగా రాసేవాడినని ప్రతి పుటకూ అనుకున్నారు. ప్రతి పుట చివరా అది నిజం కాదని ఒప్పుకోవలసి వచ్చింది.

పదకొండో పుటలో వాక్యం ఆగి, గీత గీసి ఉంది. గీత కింద కొత్త శీర్షిక: రెండో మూలం.

మాస్టారి వేలు అక్కడే నిలిచిపోయింది. లాటిన్ ఉంది, ఫ్రెంచి ఉంది. కింద ఆధారాలు: తాను దాచిన ముప్పై ఆరింటిలో ముప్పై మూడు, అవే పుస్తకాలు, అవే వాక్యాలు. మరో రెండు ఆయన ఎన్నడూ చూడనివి. ఆ రెండింటిలో ఒకటి, ఆయన చీటీలన్నిటిలోకీ పాతదానికంటే అరవై ఏళ్లు ముందుది. తన దొంగతనం వృథా అయిందన్న బాధ కంటే ఆ అరవై ఏళ్లు ఎక్కువగా గుచ్చుకున్నాయి.

అన్నిటికీ అడుగున చిన్న అక్షరాలలో ఒక పంక్తి. ‘ఈ మూలానికి ఆధారాల సేకరణ’ అని, ఎదురుగా మాస్టారి పేరు, ఇంటిపేరుతో సహా.

తేలు కుట్టిన దొంగకు అరిచే దారి ఉండదు. మాస్టారు పుట చేతపట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వెళ్లారు. ఆమె లేచి నిలబడింది.

“కూర్చో. ఇదేమిటమ్మా?”

“ఏది మాస్టారూ?”

“ఇక్కడ నా పేరు.”

“మీరు సేకరించినవేగా.”

“నేను నీకివ్వలేదు.”

ఆమె కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. “రెండువేల నూట పద్నాలుగు నుంచి నలభై తొమ్మిది దాకా పెట్టెలో లేవు మాస్టారూ. సంఖ్యలో మీరు తప్పరు. కాబట్టి చీటీలు ఉన్నాయన్నమాట. దేని గురించి అయి ఉంటాయా అని ఆలోచించి, మీరు ఏ పుస్తకాలు తిరగేస్తారో నాకు తెలుసు కాబట్టి, వరసగా వెతుక్కుంటూ పోయాను.”

“అడిగితే పోయేదిగా?”

“అడిగితే, లేవని మీరు అబద్ధం చెప్పాల్సి వచ్చేది” అన్నది ఆమె నెమ్మదిగా.

మాస్టారు పుటను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు. “ఆ అరవై ఏళ్ల పాతది ఎక్కడ దొరికింది?”

“పాత మఠం నియమాల పుస్తకంలో. అట్ట ఊడిపోయింది ఉంది చూశారూ, గోధుమరంగుది.”

“ఆ పుస్తకం రెండుసార్లు చేతిలోకి తీసుకుని మళ్లీ అరలో పెట్టేశాను” అన్నారు మాస్టారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో పశ్చాత్తాపం ఎంతో అసూయ కూడా అంతే ఉంది.

“అయిందా మాస్టారూ? మూడున్నర” అని లోపలి గదిలోంచి ప్రధాన సంపాదకుల కేక వినబడింది.

“పది నిమిషాలండీ.”

తన బల్ల దగ్గరికి తిరిగి వచ్చారు. ఇరవై ఆరేళ్లలో ఆయన పేరు ఎక్కడా అచ్చు కాలేదు. ఇప్పుడు, ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు, అవుతుంది. ఈ సంగతి తెలిసిన రెండో మనిషి నోరు విప్పదు. అంత తేలిక. ఆమె మీద అసూయ పడటానికి ఆయనకు ఇంతకాలం ఆమె తెలివి ఒక్కటే కనబడింది. ఇప్పుడు అంతకంటే పెద్దది కనబడింది. దానిని అందుకోవడానికి పట్టా అక్కరలేదు కాబట్టి సాకు కూడా లేకపోయింది. కలం తీసి తన పేరు మీద అడ్డంగా గీత గీశారు. అంచున ఆమె పేరు రాసి, దిద్దుబాటు గుర్తు పెట్టారు.

సొరుగు లాగి, కట్ట తీసుకెళ్లి పుటతోపాటు ఆమె ముందు పెట్టారు. ఆమె దిద్దుబాటు చూసింది.

“ఎందుకు మాస్టారూ? ఉండనివ్వండి. ఎవరికి నష్టం?”

“వెతికినవాళ్ల పేరు వేయాలి. అంత చదువుకున్నావు, ఇదీ నేనే చెప్పాలా?” అని, ఆపుకోలేక కట్టను వేలితో తట్టారు. “ఇందులో మూడు నీకు దొరకలేదు.”

“మూడా!” ఆమె ఆత్రంగా ముడి విప్పి చీటీలు పరిచింది. చదువుతూ చదువుతూ గడియారం వంక చూసింది. చేర్చే వ్యవధి లేదు. ప్రెస్సు మనిషి అప్పటికే మెట్లెక్కుతున్నాడు. “రెండో కూర్పులో వేద్దాం మాస్టారూ. తప్పకుండా.”

“నువ్వు వెయ్యి. నేను రేపట్నుంచి రాను.”

“ఇంకా ఏడాది సర్వీసు ఉందిగా మీకు!”

“ఉంటే ఉండనీ. చీటీ దాచినవాడి చేతికి పెట్టెలు అప్పజెప్పకూడదు. లోపలి గదిలో ఉన్నాయన తెలిసినా ఊరుకుంటారు, నువ్వూ ఊరుకుంటావు. నాకు ఊరుకోబుద్ధి కావడం లేదు.”

“నేను ఎవరితోనూ అనను మాస్టారూ.”

“తెలుసు. అదేనమ్మా నాకు పడనిది” అన్నారు. మొదటిసారిగా కొద్దిగా నవ్వారు.

రాజీనామా కాగితం రాసి ప్రధాన సంపాదకుల బల్ల మీద పెట్టి, ఖాళీ డబ్బా అనుకుని నిండు డబ్బానే సంచిలో వేసుకుని, నాలుగూ పదికి ఆయన మెట్లు దిగి వెళ్లిపోయారు. ఎండ ఇంకా ఉంది. అంత వెలుతురులో ఆ మెట్లు దిగడం ఆయనకు అలవాటు లేదు. ఒక చేత్తో గోడ పట్టుకుని దిగారు.

పుటలు పంపించి వచ్చాక ఉపసంపాదకురాలు తన బల్ల మీది ముప్పై ఆరు చీటీలనూ వరస చేయబోయింది. లెక్కకు ముప్పై ఏడు వచ్చాయి. అడుగున ఉన్నది ఇందాక లేని కొత్త చీటీ, మాస్టారి కుదురైన చేతిరాత. అందులో ఇలా ఉంది:

“‘సెట్’ అను పదమునకు గల రెండవ మూలమును, దాని అత్యంత ప్రాచీనమైన ఆధారముతో సహా, ఈ కార్యాలయపు ఉపసంపాదకురాలు స్వయముగా అన్వేషించి స్థాపించినారు. నా వద్ద గల చీటీలు ఆమెకు సకాలమున అందలేదు. అందకపోవుటకు కారణము నేనే. ఈ కార్యమున ఆమెకు నా వలన గాని, మరెవరి వలన గాని, ఎట్టి సహాయమును లేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.”

కింద సంతకం, తేదీ. పక్కన, తొమ్మిది నెలలు కట్టను బిగించి ఉంచిన దారం, విప్పిన తరువాత కూడా నాలుగు మూలలూ వదలకుండా, చీటీ ఆకారంలోనే బల్ల మీద పడి ఉంది.