ఎర్ర ఇంటు మార్కులు

మా ప్రెస్సులో నా చెల్లెలు ప్రూఫ్‌రీడరు, నేను బైండింగు. అది ఎవరి మీదైనా ఒంటికాలిమీద లేచిన రోజున ఫోర్‌మన్ గోడ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో ఇంటు మార్కు కొట్టి, పక్కన ‘తిక్క’ అని రాసేవాడు. అందరూ నవ్వేవాళ్లు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒకటి రెండుసార్లు నేనూ నవ్వాను.

ఈసారి అది ప్రూఫులు చించి ఓనరు బల్ల మీద విసిరింది. ఇంకోసారి ఇలా జరిగితే పనిలోంచి తీసేస్తానన్నాడాయన. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. నిద్ర లేదు, తిండి లేదు, ఊరికే ఏడుపు. తన పుట్టుకే అంత, తను మంచిది కాదు అంటుంది. మూడోరోజు నెలసరి వచ్చింది. మర్నాటికల్లా ఏమీ ఎరగనట్టు లేచి తల దువ్వుకుంది. అప్పుడు తట్టింది నాకు. వెళ్లి ఆ క్యాలెండర్ పీకి చంకలో పెట్టుకుని వచ్చేశాను.

అదివరకు చూపించిన డాక్టరు ఆడవాళ్లకిది మామూలే, కోపం తగ్గించుకోమ్మా అని పంపేశాడు. ఈసారి తీసుకెళ్లిన డాక్టరమ్మ మాత్రం ఏ రోజు ఎలా ఉందో రెండు నెలలు రాసుకురమ్మంది. నేను క్యాలెండర్ పరిచాను. చెల్లెలు నెలసరి తేదీలు చెబుతుంటే ఆవిడ పెన్సిల్‌తో సున్నాలు చుట్టింది. తొమ్మిది నెలలు. ఇంటు మార్కులన్నీ సున్నాలకి ముందు వారంలోనే. తర్వాత రెండు వారాలూ ఖాళీ.

దీర్ఘం తప్పినా, ఒత్తు పోయినా పట్టుకునే కళ్లు మావి. ఎదురుగా గోడ మీద ఉన్నది మాత్రం ఒక్కరం చదవలేదు. ఒళ్లు మండిపోయింది నాకు, ముందు నా మీదే.

ఆ రోజుల్లో చచ్చిపోవాలనిపిస్తుందా అని డాక్టరమ్మ మెల్లిగా అడిగింది. చెల్లెలు తలూపింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను. ఇది స్వభావం కాదు, జబ్బు, దీనికి మందుంది అని చెప్పి, ఆవిడ చీటీతో పాటు ఓనరుకి కాగితం కూడా రాసిచ్చింది.

ఓనరు దాన్ని రెండుసార్లు చదివి, వెళ్లి పని చూసుకోమన్నాడు. ఫోర్‌మన్ మాత్రం మా వెనకే వచ్చాడు.

"ఇంత బాధ ఉందని ముందే చెప్పొచ్చు కదమ్మా? తెలిస్తే నవ్వేవాళ్లమా?"

చెల్లెలు కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు కూడా పెంచలేదు.

"నేను చెప్పేదేముంది? తొమ్మిది నెలలుగా మీరే రాశారు."