పెంబ్రీ దొర చూసిన నేల

పెంబ్రీ దొర ఓడలో మా మంచునేలకు వచ్చి మా మధ్య రెండు చలికాలాలు గడిపాడు. మా మాట నేర్చుకున్నాడు, మా తిండి తిన్నాడు, నేను కుట్టిన తోలుబట్టలే తొడుక్కున్నాడు. ఇన్ని చేసీ మమ్మల్ని ఏనాడూ మనుషుల్లా చూడలేదు. ఆయనకి ముందు కుక్కలు, తర్వాతే మేము. ఆ మనిషంటే నాకు అప్పుడూ మంటే, ఇప్పుడూ మంటే.

ఉత్తరాన ఎవరూ చూడని నేల ఏదో ఉందని ఆయన పిచ్చి. దాన్ని కనిపెడితే వాళ్ళ దేశంలో పెద్ద పేరట. కుక్కల బండి తోలడానికి మా ఆయన సిప్సును, చిరిగిన జోళ్ళు కుట్టడానికి నన్ను వెంటపెట్టుకుని గడ్డకట్టిన సముద్రం మీద బయల్దేరాడు. నా కూతురు అవియాక్‌ని మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాను. మంచు పగిలేలోపు వెనక్కి తీసుకొస్తానని దొర మాటిచ్చాడు.

ఎండ ముదిరింది. మంచు మీద నీళ్ళు నిలిచాయి. తిండి అయిపోయింది. నీరసించిన కుక్కను చంపి మిగతా కుక్కలకు పెట్టాం, తర్వాత మేమూ తిన్నాం. దొర కాలివేళ్ళు చలికి చచ్చి నల్లబడ్డాయి. అయినా పొద్దున లేస్తే ఒకటే పాట.

"ఇంకొక్క రోజు, సిప్సూ."

"నిన్నా ఒక్క రోజే అన్నావు దొరా," అన్నాడు సిప్సు. "మంచు పగిలిందంటే ఇక్కడే పోతాం. నీ పేరు చెప్పుకోడానికి ఎవడూ మిగలడు."

"భయమైతే నడిచి పో. నా తుపాకి ఇక్కడ పెట్టి పో."

తుపాకి లేకుండా పోవడమంటే చావడమే. అది తెలిసే అన్నాడు.

ఆ రోజే, పలచని పొగమంచులో, దొర ఉన్నట్టుండి బండి మీద లేచి నిలబడ్డాడు.

"నేల! అదిగో నేల! కొండ!"

ఎదురుగా తెల్లటి గుట్ట. అలాంటి వెలుతురులో ఏది దగ్గరో ఏది దూరమో మాకే తెలియదు, ఇక దొర సంగతి చెప్పాలా? కాగితం తీసి ఆ గుట్ట బొమ్మ గీసేశాడు. తన ఓడకు డబ్బు పెట్టిన ఆసామి పేరు దానికి పెట్టేశాడు. కళ్ళ వెంట నీళ్ళు. ఒక్క క్షణం నాకే జాలేసింది.

అంతలో గుట్ట లేచి నడిచింది.

"ఎలుగు!" అని అరిచాడు సిప్సు. పగ్గాలు కోసి కుక్కల్ని వదిలాడు. అవి చుట్టుముట్టి ఎలుగును నిలేశాయి. సిప్సు బండి మీది తుపాకి లాక్కుని పరిగెత్తాడు, దాన్ని పడగొట్టాడు.

కడుపు నిండాక దొరకి నోరు లేచింది. "ఈ మాంసం ఉంటే ఉత్తరానికి హాయిగా పోవచ్చు. కట్టు కుక్కల్ని."

"మాంసం నీది కాదు," అన్నాను.

"తుపాకి నాది. తూటా నాది."

"మాలో ఎలుగు చంపినవాడిది కాదు, ముందు చూసినవాడిది. దాన్నేం చెయ్యాలో వాడే చెప్తాడు. రెండేళ్ళు మా ఇళ్ళల్లో మెక్కావు, ఆమాత్రం తెలియదా? ముందు చూసింది సిప్సు."

దొర పగలబడి నవ్వాడు. "ముందు చూసింది నేను! మీరు నోరు తెరవకముందే లేచి చెయ్యి చూపించిందెవరు?"

సిప్సు తల దించుకున్నాడు. ఈ కట్టుబాటు దాటితే ఇక ఏ ఎలుగూ మన కంటపడదని మా ఆయన నమ్మకం. నాదీ అదే. దొర ఉత్తరానికే అంటే ఉత్తరానికే. అవియాక్ ముఖం నా కళ్ళముందు మెదిలింది.

"సరే దొరా, ముందు చెయ్యి చూపింది నువ్వే. మరి ఏం చూశావు? ఎలుగునైతే మాంసం నీది, ఎటు రమ్మంటే అటే వస్తాం. ఆ కాగితం మాత్రం ఇప్పుడే చింపెయ్. నేలను చూశానంటావా, ఎలుగును ముందు చూసింది మా ఆయన. ఏదో ఒక్కటే చెప్పు."

"ఏమే, పిచ్చెక్కిందా నీకు?" అన్నాడు సిప్సు నా చెయ్యి పట్టి లాగుతూ.

దొర కాగితం తీసి చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. చంపేసేంత కసి ఉంది ఆ చూపులో. చివరికి కాగితం మడిచి చొక్కాలో పెట్టుకున్నాడు.

"నేలనే చూశాను," అన్నాడు. "ఆ నేల ఎలుగు వెనకాల ఉంది."

బండి దక్షిణానికి తిప్పాం. మేం ఒడ్డెక్కిన మర్నాడే మంచు పగిలింది. అవియాక్ పరిగెత్తుకొచ్చి నా కాళ్ళు చుట్టేసింది. ఆ ఎలుగు తోలుతో సిప్సుకు లాగు కుట్టాను. దొర నేల ఊసెత్తినప్పుడల్లా ఊరంతా ఆ లాగు చూసి నవ్వేది.

పెంబ్రీ దొర ఓడెక్కి పోయిన మరుసటి ఏడు ఇంకో ఓడ, ఇంకో దొర. సముద్రం మళ్ళీ గడ్డకట్టాక మ్యాపు పరిచి ఒకచోట వేలు పెట్టాడు. పెంబ్రీ దొర నేల అచ్చులో ఉంది, పేరుతో సహా. తీసుకెళ్ళినవాడికి కొత్త తుపాకి ఇస్తానన్నాడు.

"అంతదూరం ఎందుకు దొరా?" అన్నాను. "ఆ నేలను మా ఆయన తొడుక్కుని తిరుగుతున్నాడు, చూడు."

అందరూ నవ్వారు. సిప్సు తమ్ముడు ఉతాక్ కూడా నవ్వాడు. నవ్వుతూనే కుక్కల్ని కడుతున్నాడు.

"ఎలుగు వెనకాల నిజంగానే ఉందేమో వదినా. లేకపోతే మాత్రమేం, తుపాకి వస్తుందిగా."

ఆ ఏడు మంచు తొందరగా పగిలింది. ఉతాక్ తిరిగి రాలేదు, ఆ దొరా రాలేదు. నీళ్ళ మీద చివరి మంచుపలక కూడా కొట్టుకుపోయాక సిప్సు ఇంట్లోకొచ్చి ఆ లాగు విప్పి నా ముందు పడేశాడు. మళ్ళీ తొడుక్కోలేదు.