అవిశ్వాసిగారి భార్య

మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నంతసేపూ ఆయన రక్షణ కోసం ప్రార్థించమన్నారు పాస్టరమ్మగారు. చేస్తూనే ఉన్నాను. భుజాల దాకా ప్రార్థన సాఫీగానే సాగుతుంది. కాలరు మురికి వదల్లేదని ఆయన సణిగింది గుర్తొచ్చేసరికి అది తిట్లదండకంలోకి దిగుతుంది. దేవుడు దేన్ని ఆలకిస్తున్నాడో తెలియదు.

పెళ్ళయ్యాక నమ్ముకున్నదాన్ని నేను. ఆయనకి దేవుడూ లేడు, దయ్యమూ లేదు. నమ్మని భర్తను మాటలతో కాదు, నడవడితో గెలుచుకోవాలని మా స్త్రీల కూటంలో బోధ. పగలంతా పళ్ళ డాక్టరు దగ్గర జనం చేత నోళ్ళు తెరిపించడం నా ఉద్యోగం, సాయంత్రం ఇంటికొచ్చి నా నోరు మూసుకోవడం నా విశ్వాసం. ఈ బోధ సంగతి ఒకసారి నోరుజారి ఆయనతో అన్నాను. బుద్ధి తక్కువై అన్నాను. గ్రంథంలో ఒక్క ముక్క నమ్మని మనిషి ఆ ముక్కని మాత్రం గుండెలకి హత్తుకున్నాడు. నేను కాస్త విసుక్కుంటే చాలు, "నడవడి, నడవడి" అని గుర్తుచేస్తాడు. మీ ఆవిళ్ళని కూడా పంపండిరా, ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని స్నేహితులకి సలహా ఇస్తాడు. మా అత్తగారికైతే నా దేవుడంటే మహా గురి. కోడలి చేత ఎదురుచెప్పడం మాన్పించినవాడు మామూలు దేవుడు కాదంటుంది.

సంఘంలో ఆయన పేరు మోగిపోతోంది. వారం వారం ఆయన కోసం మోకరిస్తారు. ఏమైనా కదలిక ఉందా అని ఐ.సి.యు.లో రోగి గురించి అడిగినట్టు అడుగుతారు. నా నడుంనొప్పి కోసం ప్రార్థించినవాళ్ళు మాత్రం ఒక్కరు లేరు. అది తలుచుకుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసొస్తాయి.

ఏడాదికోసారి మాకు స్త్రీల ఆదివారం. ఆ రోజు ప్రసంగం కూడా స్త్రీలదే. ఈసారి నన్ను చెప్పమన్నారు, అవిశ్వాసితో కాపురం ఎలా చెయ్యాలో. నాకన్నా అనుభవం ఎవరికుంది? నలుగురి ముందు ఒక్కసారి నా గొంతు విప్పాలని ఎంత ఆశపడ్డానో. గిన్నెలు తోముతూ సాధన చేశాను. తీరా శనివారం సాయంత్రం, రేపు స్నేహితులందర్నీ భోజనానికి పిలిచానని చల్లగా చెప్పాడు ఆయన.

"రేపు నా ప్రసంగం కదండీ."

"వద్దన్నానా? వంట చేసేసి వెళ్ళు."

అంతమందికి వంట పూర్తయ్యేసరికి అక్కడ ఆరాధనా పూర్తవుతుంది. పాస్టరమ్మగారికి ఫోన్ చేస్తే, "ఉండిపోమ్మా. నువ్వు రాకపోవడమే గొప్ప సాక్ష్యం. నీ బదులు నేను చెప్తాలే" అన్నారు. ఆవిడ భర్త పాస్టరు! అవిశ్వాసి గురించి ఆవిడకేం తెలుసు?

ఆదివారం పొద్దున ఉల్లిపాయలు తరుగుతూ ఉండబట్టలేక దేవుణ్ణే నిలదీశాను. నీకు కావలసింది ఆయన ఆత్మ ఒక్కటేనా, నాది అక్కర్లేదా అని. అడిగాక నా మీద నాకే జాలేసింది. నీ కూతుర్ని అని పాటల్లో పాడటమే గానీ, ఆయన్ని మార్చడానికి దేవుడు పెట్టుకున్న పనిమనిషినే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, మంచి చీర కట్టుకున్నాను.

"కూరలు తరిగి పెట్టాను. మిగతాది మీరు చూసుకోండి" అన్నాను.

"మరి నీ నడవడో?" నవ్వుతూనే అన్నాడు గానీ, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఇదేనండీ" అని చెప్పులేసుకున్నాను.

నేను వెళ్ళేసరికి పాస్టరమ్మగారు మైకు దగ్గరున్నారు. దగ్గరికెళ్ళి చెయ్యి చాపాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, మైకు ఇచ్చేశారు. ఆయనలో కదలిక వచ్చిందేమోనని జనమంతా ముందుకి వంగారు.

"మా ఆయన ఇంకా నమ్మలేదండీ" అన్నాను. "నేనే, ఇవాళ పొద్దున నమ్మాను."