నవనీత చెప్పిన కారణం

నవనీత కోరుట్లలో ఒక మెడికల్ షాపులో ఆరేళ్లు పనిచేసింది. ఒకరోజు రాజవ్వ అనే ముసలామెకు బీపీ గోలీలకు బదులు, పేరు దగ్గరగా ఉన్న షుగర్ గోలీలు ఇచ్చింది. అవి మింగిన రాజవ్వ స్పృహ తప్పి పడిపోయింది. మూడో రోజు ప్రాణం పోయింది. ఇంటివాళ్లు కేసు పెట్టలేదు. షాపు ముందు కూర్చుని ఏడ్చి వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే ఓనరు నవనీతను ఇక రావద్దన్నాడు.

కొన్నాళ్లకు జగిత్యాలలో ఇంకో షాపుకు పోయి, "అత్తకు పానం బాగలేక మానేసిన" అని చెప్పింది. పని దొరికింది. పదకొండో రోజు ఆ షాపాయన కోరుట్లకు ఫోన్ చేసి సంగతి తెలుసుకున్నాడు. గిరాకీలందరూ చూస్తుండగా ఆమె చేతిలోని గోలీల అట్ట లాక్కుని బయటికి దారి చూపించాడు.

సిరిసిల్లలో ఖాళీ ఉందని తెలిసినప్పుడు భర్త వీరేందర్ అన్నాడు: "గా ఆరేండ్ల ముచ్చటే ఎత్తకు. ఇంట్లనే ఉన్న అను."

నవనీత దారి పొడుగునా బస్సులో ఆ మాటే నెమరేసుకుంటూ పోయింది.

సిరిసిల్ల షాపు ఓనరు బాలకిషన్ పెద్దమనిషి. కూర్చోమని కుర్చీ చూపించాడు.

"ఇదివరకు ఏడ చేసినవ్ బిడ్డా?"

"కోరుట్లల సార్."

"ఎందుకు మానేసినవ్?"

"మానెయ్యలే సార్. తీసేసిండ్రు. నేనిచ్చిన గోలీలు మింగి ఒక ముసలామె సచ్చిపోయింది."

బాలకిషన్ చేతిలోని పెన్ను కింద పెట్టాడు. "రష్ ఉండెనా?"

"ఉండె సార్. గానీ గందుకు కాదు. అట్ట మీద పేరు సరిగ చూడలే. గంతే."

ఆయన పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"దాచకుంట చెప్పినవ్, మంచిది. గానీ కౌంటర్ల నిన్నెట్ల నిలవెట్టాలె? రేపు ఏమన్న అయితే, తెలిసి తెలిసి పెట్టుకున్నవని నన్నే అంటరు. తెల్వకపోతే పెట్టుకుందునేమో." లోపలి గది వైపు చూపించి అన్నాడు: "ఎనుక రూముల డబ్బాలు సర్దేటామె కావాలె. చేస్తవా?"

"చేస్త సార్."

ఆ పనిలో చేరి నెల దాటింది. ఒక మధ్యాహ్నం ఖాళీ అట్టపెట్టెలు బయట పెడుతుంటే, మెట్ల మీద కూర్చున్న ఒక అవ్వ చీటీ, గోలీలు చాపింది.

"బిడ్డా, గీ గోలీలు గీ చీటీల రాసినయేనా, జర సూడు."

నవనీత చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకు సదువు రాదవ్వా. లోపల అడుగు."

అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి, మెల్లగా కౌంటర్ దగ్గరికి పోయింది. అక్కడి పిల్ల అట్ట మీద పేరు చదివేదాకా నవనీత గుమ్మంలోనే నిలబడి ఉంది.