రూపాయి బిళ్ళ, గర్జెల అచ్చు

చేవెళ్ల బజారులో కిషన్‌రావు కిరాణా దుకాణానికి ఆ రూపాయి బిళ్ళ ఏ చేతి నుంచి వచ్చిందో తెలియదు. వచ్చిన నాటి నుంచి మాత్రం ఆయనకు తూకం మీద ధ్యాస లేదు. బిళ్ళ మీది సంవత్సరం అంకెలు ఒక్కొక్కటీ రెండేసిగా కనిపిస్తున్నాయి. టంకశాల అచ్చులోనే అంకెలు రెండుసార్లు పడితే అలాంటివి పుడతాయనీ, అమెరికాలో పరీక్ష చేయించి ముద్ర వేసిన డబ్బీలో పెట్టిస్తే లక్షలు పలుకుతాయనీ పక్క వీధి రాఘవేందర్ చెప్పాడు. పంపించేదీ అతనే. తోమిన బిళ్ళలైతే వద్దన్నాడు, వాటికి ధర రాదట. ఖర్చు ఎనిమిది వేలు. బిళ్ళ తేలినా తేలకపోయినా అవి తిరిగి రావు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళు అజీజ్‌నగర్‌లో రాళ్ళ నేలను కూడా ఎగబడి కొంటున్న రోజులవి. భూమి లేని కిషన్‌రావు తన వంతు అదృష్టం ఇలా గుండ్రంగా వచ్చిందనుకున్నాడు. అనుకోవడంలో తప్పు లేదు. ఎనిమిది వేలు ఎక్కడున్నాయో ఆయనకు గుర్తు రావడమే చిక్కు. అవి మెంతుల డబ్బాలో ఉన్నాయి. మొయినాబాద్‌లో కంప్యూటర్ కోర్సులో చేరాలని భార్య అరుణాదేవి రెండేళ్ళుగా దాచుకున్నవి. బీయస్సీ చదివి, పదకొండేళ్ళుగా బియ్యంలో రాళ్ళు ఏరుతున్న ఆమెకు సోమవారమే ఆఖరి తేదీ.

"కోర్సు యాడికి పోతది అరుణా? వచ్చే ఏడు చేరు. గీ బిళ్ళ తేలిందనుకో, నీకు కంప్యూటరే కొనిస్త."

"కొనిస్తె దాన్ని తుడుసుకుంట కూసోవాల్నా? నడపనీకె రావద్దా?"

ఆయన నవ్వలేదు. లక్షలు లెక్కపెట్టుకుంటున్న మనిషికి నవ్వే తీరిక ఉండదు.

శనివారం ఆమె బిళ్ళను కొంగున ముడేసుకుని మొయినాబాద్ వెళ్ళింది. బస్టాండు పక్కన గడియారాలు బాగుచేసే బుచ్చయ్య, తన కంటి అద్దం ఆమెకిచ్చాడు.

"చూడు చెల్లె, పక్కన పడ్డ రెండో అంకె ఉబ్బెత్తుగ ఉన్నదా, మెట్టు లెక్క సాపగ ఉన్నదా?"

"సాపగనే ఉన్నదన్న. పక్కకు నెట్టినట్టు. అసలు అంకె సుత సన్నబడ్డది."

"అయితే అచ్చుల ఏం లేదు. కొట్టేటప్పుడు మిషను అదిరింది. గసుంటివాటికి ధర రాదు, నెలకు నాలుగొస్తయి. తెచ్చినోళ్ళందరు మనసుల ఒక్కో బిల్డింగు కట్టుకొనే వస్తరు."

ఈ మాట ఇంట్లో చెబితే గడియారాలవాడికి బిళ్ళల సంగతేం తెలుసంటాడు భర్త. అందుకని ఆమె అద్దం అడిగి తెచ్చుకుని, ఆదివారం గర్జెలు, అదే కజ్జికాయలు, మొదలుపెట్టింది. అత్తగారి కాలంనాటి చెక్క అచ్చుకు పూల అంచు పక్కనే ఒక పగులుంది. పది గర్జెలు ఒత్తి, పదకొండోదానికి కావాలనే చెయ్యి కదిపి, ఆయన్ను పిలిచింది.

"ఈ పదీ చూడుండ్రి. అన్నిటికి అంచు పక్కన ఇంకో గీత, ఉబ్బుగ. పగులు అచ్చుల ఉన్నది గనక."

"మరి గిది?"

"నా చెయ్యి కదిలింది. అంచు సాపగ జారింది. అది అచ్చు తప్పు కాదు, చెయ్యి తప్పు. ఇగ మీ బిళ్ళ చూడుండ్రి."

ఆయన అద్దంలో చూశాడు. రెండో అంకె చదునుగానే ఉంది. బిళ్ళను గల్లాపెట్టెలో పడేశాడు. కానీ కన్ను మాత్రం ఊరుకోలేదు. గల్లాలోని చిల్లరంతా చూసి, చివరికి పూజగూట్లోని రూపాయి తీశాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన తల్లి కోడలి చేత అక్కడ పెట్టించినది.

"అరుణా! ఇది అచ్చుదే!"

ఆమె చూసింది. రెండు అంకెలూ నిండుగా, ఉబ్బెత్తుగా, కొసలు చీలి ఉన్నాయి. మెంతుల డబ్బా ఖాళీ అయినట్టే అనుకుంది. అప్పుడు ఆ బిళ్ళ మెరుపు మీద వెంట్రుకవాసి గీతలు కనిపించాయి.

"గీతలేంది?" అన్నాడాయన.

"నేనే తోమిన. చింతపండు పెట్టి, పీచుతోని. ప్రతి శుక్రవారం."

"పదకొండేండ్లు? నిన్నెవరు తోమమన్నరు?"

"మీ అమ్మ."

ఆయన బిళ్ళను మళ్ళీ పూజగూట్లో పెట్టేశాడు. ఆమెకు నవ్వు రాలేదు. తన చేత్తోనే ఇన్నేళ్ళు అరగదీసింది ఏమిటో తెలిసింది, ఆ అరుగుదలే తన ఫీజును కాపాడిందనీ తెలిసింది. రెండింటిలో దేనికి ఎక్కువ బాధపడాలో తేలలేదు.

సోమవారం ఫీజు కట్టడానికి ఆమెను ఆయనే బస్సెక్కించాడు. శుక్రవారం పూజగూటి బిళ్ళ తోమడానికి ఆమె చింతపండు నానబెట్టబోతే గిన్నె పక్కకు జరిపాడు.

"ఒట్టి నీళ్ళు చాలుతయి."