పేరు ముందు ఆగిన కలం

నేను ఒక భూతద్దాన్ని. ఉన్నదాన్ని పెద్దది చేసి చూపించడమే నా వృత్తి. లేనిదాన్ని చూపించే విద్య నాకు రాదు. మనుషులకు ఎక్కువగా కావలసింది ఆ రెండో విద్యేనని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఇసుక కరిగి గాజయిన కొలిమి నాకు జ్ఞాపకం లేదు. నన్ను అరగదీసి, ఇత్తడి చట్రంలో బిగించి, టేకు పిడి తొడిగిన చేతులు ఎవరివో కూడా చెప్పలేను. నా జ్ఞాపకం కాకినాడ బస్టాండు ఎదుట, చేతులు చూసి జాతకం చెప్పే ఒకాయన చాప మీద మొదలవుతుంది. ఆయన ప్రతి అరచేతి మీదా నన్ను ఒకే గాంభీర్యంతో నిలిపి, "సముద్రం దాటే గీతుంది బాబూ!" అనేవాడు. నాకు మాత్రం కాయలు కాసిన చర్మం తప్ప సముద్రమేదీ కనిపించేది కాదు. ఆయన పోయాక భార్య నన్ను పాత సామాన్ల కొట్లో ఇచ్చేసింది.

అక్కణ్ణుంచి నన్ను తెచ్చుకున్నది విశాలాక్షమ్మ. కోర్టులో అనువాదకురాలిగా పనిచేసి రిటైరైన మనిషి. వీసాలకు పంపే పెళ్లి పత్రాలనూ పుట్టిన తేదీ పత్రాలనూ ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చేది. గుమస్తాల గొలుసుకట్టు రాత ఆవిడ కళ్లకు ఆననప్పుడు నేను సాయపడేదాన్ని. ఆవిడకు ఒకటే నియమం: ఉన్నది వదలకూడదు, లేనిది చేర్చకూడదు. మా ఇద్దరికీ పొత్తు కుదిరింది అందుకే.

ఒక ఉదయం తాళ్లరేవులో పడవలు కట్టే ఏసుపాదం గుడ్డ సంచీతో వచ్చాడు. అతని భార్య కరుణమ్మ నర్సు. కొన్నేళ్లుగా విదేశంలో ఆసుపత్రి ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడు ఆమెకే క్యాన్సరు.

"ఊరందరికీ సేవ చేసిందండి. ఇప్పుడు దానికి గుక్కెడు మంచినీళ్లిచ్చే దిక్కు లేదండి," అన్నాడు.

అతను వెళ్లాలంటే భార్య తరఫున వీసా రావాలి. పెళ్లి పత్రం ఒక్కటీ చాలదట. ఆ కాపురం నిజమైనదేనని రుజువు చూపాలట. ఫోనులో మాటలు గాలికి పోతాయని కరుణమ్మ ఉత్తరాలు రాసేది. సంచీలో ఉన్నవి అవే.

"ఉప్పు తగ్గించండి. మోకాలికి నూనె రాస్తున్నారా? గొడుగు అటక మీద ఉంది, తడవకండి." అన్నీ ఇలాంటివే. ఎక్కడా భర్త పేరు లేదు. ఆలి ఆ పేరు పలికినా రాసినా మగడి ఆయుష్షు తరుగుతుందని ఆ ఇంటి భయం. వాళ్ల తాతలు దేవుణ్ణి మార్చుకున్నారు గాని ఈ భయాన్ని మార్చుకోలేదు.

"అమ్మగారండీ, పైన నా పేరొకటి ఎట్టెయ్యండి. ప్రేమగా ఓ ముక్క కూడా. ఎవరికి తెలుద్దండీ?"

"నాకు తెలుస్తుంది. మోకాలికి నూనె రాయమంది. అంతకన్నా ప్రేమ ఇంకేం కావాలి ఏసుపాదం గారూ?"

"అది మీకూ నాకూ తెలుసండి. అక్కడ కూర్చున్న దొరగారికి తెలవాలి కదండీ!"

అతని భయమే నిజమైంది. ఉత్తరాలు ఎవరికి రాసినవో తెలియడం లేదనీ, దంపతుల మధ్య ఉండవలసిన అనురాగం వాటిలో కనబడలేదనీ రాసి దరఖాస్తును తిరగ్గొట్టారు. విశాలాక్షమ్మ ఆ కాగితాన్ని మంచుగడ్డలాంటి గొంతుతో చదివి వినిపించింది.

"ఆ పెద్దమనిషి తన పెళ్లానికి రాసిన ఉత్తరాలు నాకు పంపమనండి. మార్కులు నేను వేస్తాను," అంది. ఏసుపాదం నవ్వలేదు.

సంగతి ఫోనులో కరుణమ్మకు చేరింది. కొద్దిరోజులకు కొత్త ఉత్తరం వచ్చింది. విశాలాక్షమ్మ నన్ను దాని మీద జరుపుతూ పైకి చదివింది. "నా ప్రియమైన ఏసుపాదం, నీవు లేని నా జీవితం వెన్నెల లేని రాత్రి..."

"ఆపండమ్మా!" అతను చెవులు మూసుకున్నాడు. "ఇది నాకు రాసింది కాదండి. ఆ దొరగారికి రాసిందండి."

అయినా అందులో వాళ్లు అడిగినవన్నీ ఉన్నాయి. విశాలాక్షమ్మ అక్షరం పొల్లుపోకుండా అనువదించింది. వీసా వచ్చింది. అది వచ్చేసరికి కరుణమ్మ లేదు. తోటి నర్సులే ఆమెను అక్కడ మట్టి చేశారు.

చాలా రోజులకు ఏసుపాదం ఆ ఉత్తరం పట్టుకుని మళ్లీ వచ్చాడు.

"నా పేరు రాసిన చోటు కాస్త పెద్దగా చూపించండమ్మా. పెళ్లయ్యాక అదొక్కసారే అందండి."

విశాలాక్షమ్మ నన్ను ఆ చోట నిలిపింది. పేరుకు ముందు గుండ్రటి సిరా మరక ఉంది. కలం అక్కడ ఆనుకుని చాలాసేపు కదలలేదు. కాగితం ఆ మేరకు గుంటపడింది. తరువాతి అక్షరాలు వణుకుతూ, తరుముకొస్తున్నట్టు పరుగెత్తాయి. మృత్యువు తన మంచం పక్కనే కూర్చుని ఉండగా, ఆమె భయపడింది అతని ఆయుష్షు కోసం.

విశాలాక్షమ్మ నన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఉన్నదాన్ని వదిలేశాను ఏసుపాదం గారూ," అంది. నన్ను అతని చేతిలో పెట్టి, లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు తాళ్లరేవులో, ఒక బైబిలు పక్కన ఉంటున్నాను. సముద్రం దగ్గరే ఉంది గాని, దాన్ని దాటే గీతను ఇక్కడ ఎవరి చేతిలోనూ వెతకనక్కరలేదు. పని నుంచి వచ్చాక ఏసుపాదం ఆ ఉత్తరం తీసి, నన్ను ఆ మరక మీద నిలుపుతాడు. పేరు దాకా ఎన్నడూ రాడు.