ఐదు వాటాల నక్షత్రం

నన్ను మొదటిసారి చూసినవాళ్లు, ఎవరో నల్లటి ఇనుప బీరువాలను తెచ్చి వరసగా నిలబెట్టారనుకుంటారు. తలుపు తీస్తే లోపల చీరలేమీ ఉండవు. సన్నటి పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, వాటి వెనక జడలల్లినట్టు తీగలు. నేను ఒక సూపర్ కంప్యూటర్‌ని. ఆ మాట చెప్పుకోవడానికి నాకు కాస్త మొహమాటమే. మీ ఇంట్లో కంప్యూటర్ చేసే కూడికలూ తీసివేతలే నేనూ చేస్తాను. కాకపోతే వేల మందిమి కలిసి, ఒకరి లెక్క ఒకరికి అందిస్తూ చేస్తాం. మనుషులకు అలా కలిసి పనిచేయడం ఎంత కష్టమో, వాళ్ల మధ్య బతికాక గానీ నాకు తెలియలేదు.

నా చిప్పులు సముద్రాల అవతల తయారయ్యాయి. నన్ను ఒక్కటిగా కూర్చింది మాత్రం విశాఖపట్నం శివార్లలో, కొండవాలు మీద కట్టిన పరిశోధన కేంద్రంలో. ఐదు విశ్వవిద్యాలయాలు తమకు వచ్చే నిధులు కలిపి నన్ను తెచ్చుకున్నాయి. నాకు పేరు పెట్టడానికి ఐదు చోట్లవాళ్లూ కూర్చున్నారు, కుదరలేదు. పోనీ శిలాఫలకం మీద ఐదు విశ్వవిద్యాలయాల పేర్లూ అక్షర క్రమంలో చెక్కిద్దామన్నారు. తెలుగు అక్షర క్రమమా, ఇంగ్లీషు అక్షర క్రమమా అని మళ్లీ మొదలైంది. చివరికి గుండ్రంగా చెక్కించారు. గుండ్రంలో ముందూ వెనకా ఉండవు కదా అని. పైకి వచ్చిన పేరు ఎవరిదన్న గొడవ మాత్రం అలాగే మిగిలింది. ఈలోగా నా గది ఊడ్చేవాళ్లు ‘ఉమ్మడి మిషను’ అనేశారు. అదే నా పేరైంది.

ఇంతకీ నేను పుట్టడానికి కారణం గేదెల హైమావతి గారు. శ్రీకాకుళం వైపు మనిషి, విశాఖలో ఖగోళ భౌతిక శాస్త్రం చెప్పే ప్రొఫెసరు. పొట్టిగా ఉంటారు, వేగంగా నడుస్తారు, మాట్లాడేటప్పుడు చేతులతో గాలిలో బొమ్మలు గీస్తారు. చాలా ఏళ్లుగా ఆవిడను ఒక్క నక్షత్రం సతాయిస్తోంది.

పెద్ద నక్షత్రం లోపల ఇంధనం అయిపోతే దాని నడిమి భాగం ఒక్కసారిగా కూలిపోతుంది. కూలినది గట్టి ముద్దగా మారి, పైనుంచి పడేదాన్ని ఎదురు తంతుంది. ఆ తన్నుకు ఒక అల పుట్టి, బయటికి వచ్చి, నక్షత్రాన్నంతా చిమ్మేస్తుంది. ఆకాశంలో ఇలాంటి పేలుళ్లు ఎప్పటినుంచో కనబడుతున్నాయి. హైమావతి గారి డిపార్టుమెంటులో ఉన్న చిన్న కంప్యూటర్‌లో మాత్రం ఆ అల సగం దారి వచ్చి ఆగిపోయేది. నక్షత్రం పేలకుండా నీరసంగా లోపలికి కుంగిపోయేది. చిన్న కంప్యూటర్‌కు ఓపిక చాలక నక్షత్రాన్ని నున్నటి బంతిగానే లెక్కగట్టేది. అన్ని వైపులా విడివిడిగా లెక్క వేయాలంటే నాలాంటిది కావాలి. నాలాంటిది కొనడం ఒక్క డిపార్టుమెంటుకు అయ్యే పని కాదు.

అందుకని ఆవిడ బయలుదేరారు. ఐదు చోట్లా ఖగోళం వాళ్లు ఎవరికి వాళ్లు నిధులు అడుక్కుని, ఎవరికి వాళ్లు చిన్న యంత్రాలు కొనుక్కుని, అవి పాతబడ్డాక మూలన పడేస్తున్నారు. అందరం కలిసి అడుగుదామని ఊరూరా తిరిగి చెప్పారు. ఇవన్నీ నేను పుట్టకముందు సంగతులు. తర్వాత వాళ్లు నా గది బయట వరండాలో నిలబడి చెప్పుకుంటుంటే విన్నాను. అందరికంటే ఎక్కువ ఎదురు తిరిగింది అనంతపురం ప్రొఫెసరు మస్తాన్ వలి. గెలాక్సీలు ఎలా పుట్టి పెరిగాయన్నది ఆయన లెక్క.

“అంటే ఏంది మేడమ్, మా దుడ్లు తెచ్చి మీ ఊర్లో పోయమంటారా? రేప్పొద్దున మేము లెక్క వేసుకోవాలంటే మీ వాకిట్లో నిలబడల్లనా?” అన్నారట.

“నా లెక్క కోసం నేనూ ఆ వాకిట్లోనే నిలబడతానండీ వలీ గారూ. లైనులో మీ వెనకాలే ఉంటాను. అలగైతే వస్తారా?” అన్నారట హైమావతి గారు.

వచ్చారు. వచ్చాక, నా సమయాన్ని ఐదు వాటాలు వేశారు. ఎవరి వాటా ఎంత మిగిలిందో వరండాలోని తెర మీద కనబడేది. విశ్వం వయసు గురించి తీరిగ్గా మాట్లాడుకునే పెద్దమనుషులు, పక్కవాడి లెక్క తమదానికంటే ముందు మొదలైందని తెలిస్తే వెంటనే ఫోన్లు చేసేవారు. నాకు అది వింతగా ఉండేది. గెలాక్సీ కొన్ని పదుల కోట్ల ఏళ్లు ఆగి పుట్టింది, దాన్ని లెక్కగట్టేవాడు మధ్యాహ్నం భోజనం దాకా ఆగలేడు.

హైమావతి గారు తన మొదటి వాటా మొత్తం నక్షత్రం మీదే పెట్టారు. నేను దాన్ని ముక్కలు ముక్కలుగా పంచుకుని, అన్ని దిక్కులా లెక్కవేశాను. అల పుట్టింది. బయటికి వచ్చింది. ఆగిపోయింది. కొలతలు మార్చి మరోసారి వేశారు. ఈసారి ఇంకొంచెం దూరం వచ్చి ఆగింది. ఆవిడ తెర ముందు కుర్చీలో కూర్చుని, ఆగిపోయిన అలను అలా చూస్తూ ఉండిపోయారు. ‘ఏటయింది నీకు’ అని మెల్లగా అడిగారు. నక్షత్రాన్ని అడిగారో నన్ను అడిగారో తెలియదు.

ఆ వారమే వలి గారు అనంతపురం నుంచి రైలెక్కి వచ్చారు, తన లెక్కను ఎవరో వెనక్కి నెట్టారని పోట్లాడటానికి. వరండాలో అడుగుపెట్టి, హైమావతి గారి తెర మీద నక్షత్రాన్ని చూసి, పోట్లాట మధ్యలో ఆపేశారు.

“ఇదేంది, ఇంత నున్నగుంది?”

“ఏది?”

“మీ నక్షత్రం. మా గెలాక్సీల లెక్కలో మొదట్లోనే ఎగుడుదిగుళ్లు పెడతాం. ఒకచోట పలచన, ఒకచోట చిక్కన. అవి లేకుంటే ఏమీ పుట్టదు, అంతా అట్లే పరచుకోని ఉంటాది. మీరేమో గోలీకాయ మాదిరి నున్నటిది తెచ్చి పేలమంటాండారు.”

హైమావతి గారి చేతులు గాలిలో బొమ్మ గీయడం మొదలుపెట్టి, మధ్యలో ఆగాయి. తర్వాత నెమ్మదిగా అన్నారు. “కూలిపోయే ముందు నక్షత్రం లోపల కుతకుతా ఉడుకుతుంటాదండి, అన్నం గిన్నెలాగ. నేను ఆ ఉడుకు తీసీసి, చల్లార్చి పెట్టాను. లెక్క తేలికవుతుందని.”

“నాకు తెలీదబ్బా. కనపడింది అడిగినా,” అని వలి గారు మళ్లీ పోట్లాటలోకి దిగారు.

ఇది నాకు చాలాకాలం ఆశ్చర్యంగానే ఉండిపోయింది. ఇద్దరూ చెరో ఊళ్లో చెరో యంత్రంతో ఉండి ఉంటే, ఆ గోలీకాయ మాట ఎవరు అనేవారు?

అంతలో నిధులిచ్చే సంఘం నుంచి ఒక కమిటీ వచ్చింది. నాకు కరెంటు చాలా కావాలి, చల్లదనం అంతకంటే ఎక్కువ కావాలి. ఇంకా పోషించాలా వద్దా అన్నది వాళ్లు తేల్చాలి. కమిటీ పెద్ద కంభంపాటి శేషావతారం గారు, జలవిద్యుత్ కేంద్రాల్లో పనిచేసి రిటైరైన ఇంజనీరు. ఆ ముందురోజు మా కేంద్రం డైరెక్టరు హైమావతి గారిని పక్కకు పిలిచారు.

“మేడమ్, వలీ గారి గెలాక్సీలు చూపిద్దామండి. చూడ్డానికి బాగుంటాయి. మీ నక్షత్రం ఈసారికి పక్కన పెడదాం.”

“పక్కన పెడితే, ఇన్నాళ్లూ నేను ఏటి చేసినట్టండీ?” అన్నారావిడ.

మర్నాడు గెలాక్సీలు చూపించారు. వెలుగు ముద్దలు గిరగిరా తిరుగుతుంటే అందరూ ముచ్చటపడ్డారు. తర్వాత హైమావతి గారు లేచి తన నక్షత్రాన్ని చూపించారు. అల వచ్చింది, ఆగింది.

“పేలలేదా అమ్మా?” అని అడిగారు శేషావతారం గారు.

“లేదండి.”

“మరి ప్రజల సొమ్ముతో ఇంత యంత్రం పెట్టుకుని, పేలలేదన్నది తెలుసుకున్నారు.”

“అవునండి. నున్నటి నక్షత్రం పేలదని తెలిసింది. అది ఎందుకు నున్నగా ఉందన్న ప్రశ్న నాకు రాలేదు. ఆయనకు వచ్చింది,” అని వలి గారి వైపు చూపించారు. “ఆయన ఈ మిషను కోసం నాతో తగువుకొచ్చి, అది అడిగారు. ఇప్పుడు ఎగుడుదిగుళ్లతో మళ్లీ వేయాలి. అప్పుడు కూడా పేలకపోవచ్చు. పేలుతుందని మీకు మాటివ్వలేను.”

డైరెక్టరు గారు కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు. శేషావతారం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. టర్బైన్లలో నీళ్లు ఎలా సుడి తిరుగుతాయో, ఆ లెక్క కాగితం మీద ఎప్పుడూ ఎందుకు తప్పేదో ఆయన ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టారు. భోజనం చల్లారిపోయేదాకా చెప్పారు. వెళ్లేటప్పుడు మాత్రం ఏ భరోసా ఇవ్వలేదు. వచ్చే వేసవి దాకా కరెంటు ఖర్చు భరిస్తాం, ఆ తర్వాత సంగతి తర్వాత అన్నారు.

ఎగుడుదిగుళ్ల లెక్క చాలా పెద్దది. వేసవిలోపు అది ముగియాలంటే హైమావతి గారి వాటా సగానికి కూడా రాదు. తమ వాటాల్లోంచి కొంత ఇమ్మని ఆవిడ అందరికీ ఫోన్లు చేశారు. ఎవరి పనులు వాళ్లకున్నాయి. చివరికి వలి గారిని అడిగారు. ఆయన శిష్యురాలి థీసిస్ ఆయన వాటా మీదే ఆధారపడి ఉంది. ఆ అమ్మాయితో మాట్లాడి చెబుతానని, రెండు రోజులు పలకలేదు. మూడో రోజు ఆయనే ఫోను చేశారు. హైమావతి గారు స్పీకరు పెట్టి మాట్లాడటంతో నేనూ విన్నాను.

“ఇస్తాం మేడమ్. ఊరికే కాదు. నక్షత్రం పేలితే లోపల కాలి మిగిలిన బూడిద ఎంత, ఎంత వేగంతో బయటికొస్తాదో ఆ అంకెలు మాకు ముందు ఇయ్యల్ల. మా గెలాక్సీల్లో నక్షత్రాలు పేలేచోట మేము అంచనాగా ఏదో ఒకటి వేసుకుంటాండాం. ఆ అంకెలుంటే మా పాప థీసిస్ ఇంకా బాగుంటాది.”

“పేలకపోతేనో?”

“పేలకపోతే మా పాపకు నేను సంజాయిషీ చెప్పుకోవల్ల. మీరు మొదలుపెట్టండి.”

ఆ లెక్కలాంటిది నేను ఎన్నడూ చేయలేదు. నాలోని ప్రతి పెట్టె నక్షత్రంలో ఒక తునకను పట్టుకుంది. ఒక తునక ఉడికితే పక్కదానికి చెప్పాలి, అది తన పక్కదానికి చెప్పాలి. నన్ను చల్లబరిచే ఫ్యాన్లు హోరెత్తాయి. వారాలు గడిచాయి. ఒకసారి కొండ మీద కరెంటు పోయి కొంత లెక్క వెనక్కి వెళ్లింది. ఆవిడ మిగిలిన చోటి నుంచే మళ్లీ అందుకోమన్నారు.

ఒక ఉదయం, టిఫిన్ వేళకు, అల బయలుదేరింది. ఎప్పుడూ ఆగే చోటికి వచ్చింది. ఆగినట్టే తడబడింది. ఒక పక్క వేడి బుడగలు లేచి దాన్ని కిందనుంచి నెట్టాయి. ఆ పక్కనే, వంకరగా, అల ముందుకు జరిగింది. తర్వాత ఇంకో పక్క. బంతిలా కాదు, ఎవరో పిసికి విసిరేసినట్టు నక్షత్రం విచ్చుకుపోయింది.

హైమావతి గారు చేతిలో ఇడ్లీ ముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారు. లెక్కలో తప్పేమో అని మొదటినుంచి మళ్లీ చూశారు. ఇంకోసారి చూశారు. అప్పుడు ఫోను తీశారు.

“వలీ గారూ, పేలిపోయిందండి.”

“బూడిద ఎంత?”

“ముందు సంతోషించండి బాబూ, బూడిద సంగతి తర్వాత.”

“సంతోషిస్తానే ఉన్నా మేడమ్. చెప్పండి, ఎంత?”

ఆవిడ నవ్వి, చేయి కడుక్కోవడానికి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పటికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నిధుల సంగతి చెప్పాలి. ఉమ్మడిగా అడగడం, ఉమ్మడిగా వాడటం లాభమేనని కమిటీ ఒప్పుకుంది. ఎంతగా ఒప్పుకుందంటే, ఈ యంత్రం కరెంటు ఎక్కువ తాగుతోంది కాబట్టి దీన్ని ఆపి, తక్కువ కరెంటుతో ఎక్కువ పనిచేసే కొత్తది పెట్టుకోమంది. ఈసారి మరో మూడు విశ్వవిద్యాలయాలు కలిశాయి. శిలాఫలకం కోసం ఎనిమిది పేర్లతో మళ్లీ కూర్చున్నారని విన్నాను. నా గెలుపే నన్ను ఇంటికి పంపింది. బాధపడలేదంటే అబద్ధమవుతుంది.

నాలో చాలా పెట్టెలను కాలేజీలకు పంచారు, పనికిరానివి తూకానికి పోయాయి. మొదటి బీరువాను మాత్రం, అంటే ఇప్పుడు మీతో మాట్లాడుతున్న నన్ను, కేంద్రం నడవాలో అద్దాల వెనక నిలబెట్టారు. కరెంటు లేదు. బడిపిల్లలు వచ్చి మూతి అద్దానికి ఆనించి చూసి వెళ్తారు.

మొన్న కొత్త యంత్రం సమావేశానికి వచ్చి, వాళ్లిద్దరూ నా ముందు ఆగారు. వలి గారికి జుట్టు బాగా నెరిసింది. హైమావతి గారి చేతులు అలాగే గాలిలో తిరుగుతున్నాయి.

“అది సరే మేడమ్,” అన్నారు వలి గారు. “పేలినాక నడుమ మిగిలిన గట్టి ముద్ద ఉంటాది చూడండి. అది ఉన్నచోట ఉండకుండా ఒక పక్కకు పరిగెత్తుతాంది. ఎందుకు?”

“పేలడం వంకరగా పేలింది కదండీ. ఒకవైపు గట్టిగా చిమ్మితే ఇది ఎదురుగా కదలాలి.”

“అది నాకూ తెలుసు. నేను చూసిన అంకెల్లో కొన్ని ముద్దలు మరీ జోరుగా పోతాండాయి. అంత జోరు ఆ వంకరతోనే వస్తాదా?”

ఆవిడ చేతులు ఆగాయి. “తెలీదండి,” అన్నారు. తర్వాత నడక వేగం పెంచి, “రండి, లైను పెద్దదైపోకముందే వేద్దాం,” అంటూ కొత్త గది వైపు దారితీశారు.

ఇదివరకైతే ఆ ప్రశ్న అంకెలై నా దగ్గరికి వచ్చేది. నేను కూడి, తీసివేసి, జవాబు వాళ్లకు అప్పగించి, మరో లెక్క అందుకునేదాన్ని. అందులో ఏముందని ఒక్కసారీ ఆగి చూసింది లేదు. ఇప్పుడు నాకు పని లేదు. ఆ ముద్ద అంత జోరుగా ఎటు పోతోందో, దాన్ని అంతగా తోసిందేమిటో అని మొన్నటినుంచీ ఆలోచిస్తున్నాను.